ఎంతవరకు తెలుసు? – డిగ్రీ ఫిజిక్స్ థీసిస్, చివరి టాక్

మన పాఠకుల్లో ఎక్కువమందిమి కోడు రాసో, రాయించో బతుకుతున్నవాళ్ళం. మన పిల్లలు కూడా కంప్యూటర్ సైన్సే చదువుతారని మనం అనుకుంటూ ఉండగానే కొందరు ఫిజిక్స్ అంటున్నారు. మొదటి మూడేళ్ళు ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేదు. పరీక్షలు, మార్కులు, గ్రేడులు మనకు తెలిసిన సరుకే. నాలుగో ఏడు థీసిస్ మొదలవుతుంది. సంక్రాంతి దాటాక ఒకరోజు ఫోన్లో ఇలాంటి సంభాషణ నడుస్తుంది.

"బాబాయ్, రిజల్ట్ రాలేదు."

"అదేమిటమ్మా, పరీక్షలు ఇంకా జరగలేదుగా?"

"పరీక్ష రిజల్ట్ కాదు బాబాయ్. నా ప్రయోగంలో రావాల్సిన నంబరు రాలేదు."

"మరి డిగ్రీ ఇస్తారా?"

ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. ఇస్తారు. కాకపోతే ఒక షరతు ఉంది. ఆ నంబరు ఎంత తేడాతో రాలేదో, ఎందుకు రాలేదో, ఆ మాట ఎంత నమ్మకంతో అంటున్నామో చెప్పగలగాలి. సాఫ్ట్‌వేర్లో మనం "పనిచేస్తోంది", "పనిచేయడం లేదు" అన్న రెండు మాటలతో చాలా దూరం వెళ్ళిపోతాం. ఫిజిక్స్ థీసిస్‌లో ఆ రెండు మాటలకూ విలువ తక్కువ. అక్కడ అడిగేది "నీకు ఎంతవరకు తెలుసు?" అని. ఏడాది పని అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. చివరి టాక్‌లో ఎదురయ్యేదీ అదే.

రోడ్డుకు అటూ ఇటూ

సింగపూర్ నేషనల్ యూనివర్సిటీ, అదే ఎన్.యూ.ఎస్., ఉదాహరణగా తీసుకుందాం. కెంట్ రిడ్జ్ కొండ మీద పాత క్యాంపస్ ఉంది. దానికి ఉత్తరాన, ఏ.వై.ఈ. ఎక్స్‌ప్రెస్‌వేకు అవతల యూనివర్సిటీ టౌన్ ఉంది. పిల్లల నోట అది యూ టౌన్, ఇంకా పొట్టిగా యూ టీ. ఒకప్పుడు గోల్ఫ్ మైదానంగా ఉన్న స్థలంలో కట్టి 2011లో తెరిచారు. హాస్టళ్ళలాంటి రెసిడెన్షియల్ కాలేజీలు, మధ్యలో పెద్ద పచ్చిక, రాత్రిళ్ళు కూర్చుని చదువుకునే గదులు, ఎం.ఐ.టి. లాంటి విదేశీ విశ్వవిద్యాలయాల పరిశోధన కేంద్రాలకు చోటిచ్చిన క్రియేట్ భవనాలు అన్నీ అక్కడే. 2013లో మొదటి బ్యాచ్‌ను చేర్చుకున్న యేల్-ఎన్.యూ.ఎస్. కాలేజీ కూడా అక్కడే ఉండేది. అందులో ఏ సబ్జెక్టు విద్యార్థి అయినా చివరి ఏడు ఒక కాప్‌స్టోన్ ప్రాజెక్టు చేయాల్సిందే. ఆ కాలేజీ చివరి బ్యాచ్ 2025లో పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయింది.

ఫిజిక్స్ ల్యాబులు మాత్రం యూ టౌన్‌లో లేవు. రోడ్డుకు ఇవతల, సైన్స్ ఫ్యాకల్టీ భవనాల్లో ఉన్నాయి. 2007 డిసెంబరులో మొదలైన సెంటర్ ఫర్ క్వాంటం టెక్నాలజీస్ కూడా ఆ పక్కనే. అంచేత యూ టౌన్‌లో ఉండే ఫిజిక్స్ విద్యార్థి పగలు డీ2 బస్సెక్కి వచ్చి ఇవతల కొలుస్తాడు, రాత్రి వెనక్కి వెళ్ళి అవతల రాస్తాడు. ఆగస్టులో మొదలైతే మధ్యలో ఒక సెమిస్టరు విరామం పోను, మార్చి–ఏప్రిల్ కల్లా థీసిస్, ఆపైన పరీక్షకుల ముందు టాక్. లెక్కేసుకుంటే చేతికి దొరికేది ఏడెనిమిది నెలలు. అందులో మిగతా కోర్సులు, వాటి పరీక్షలు కూడా ఉంటాయి. నిజంగా కొలిచే వారాలు పదో పన్నెండో ఉంటే అదృష్టమే.

అందుకే మొదటి పెద్ద పని ప్రశ్నను కుదించడం. "క్వాంటం చిక్కుముడిని అధ్యయనం చేస్తాను" అనేది ప్రశ్న కాదు, అది ఒక పుస్తకం పేరు. "ఈ బల్ల మీదున్న ఈ ఫోటాన్ జంటల మూలం బెల్ అసమానతను దాటుతుందా? దాటితే ఎంత తేడాతో?" అనేది ప్రశ్న. దానికి జవాబు ఒక అంకె రూపంలో వస్తుంది, పది వారాల్లో వస్తుంది.

ప్రశ్న మధ్యలో మారినా కంగారు పడక్కరలేదు. రిచర్డ్ ఫైన్మన్ 1939లో ఎం.ఐ.టి.లో బ్యాచిలర్స్ థీసిస్ రాశాడు. ప్రొఫెసర్ స్లేటర్ మొదట ఇచ్చిన ప్రశ్న క్వార్ట్‌జ్ వేడికి ఎందుకు అంత తక్కువగా వ్యాకోచిస్తుంది అని. అది తవ్వుతూ పోతే అణువుల్లో బలాలను ఎలా లెక్కకట్టాలన్న దగ్గరికి వెళ్ళాడు. ఆ ఫలితం అదే ఏడాది ఫిజికల్ రివ్యూలో అచ్చయింది. దాన్ని అంతకుముందే హెల్మన్ కూడా రాబట్టి ఉన్నందువల్ల ఇప్పుడు హెల్మన్–ఫైన్మన్ సిద్ధాంతం అంటున్నారు. క్వార్ట్‌జ్ సంగతి పక్కకు పోయింది. ఎవరూ మార్కులు తగ్గించినట్టు లేదు!

మన వైపు చూస్తే, విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి. రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకుంటూనే 1906 నవంబరులో తన మొదటి వ్యాసాన్ని లండన్ ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చేయించుకున్నాడు. దీర్ఘచతురస్రాకారపు చీలిక గుండా వాలుగా పోయిన కాంతి చారలు రెండు వైపులా సమానంగా లేవన్నది ఆ వ్యాసం విషయం. ఎంత చిన్న ప్రశ్నో గమనించండి. కాలేజీ స్పెక్ట్రోమీటరు చాలింది.

శ్రీహరికోట మీదుగా ఒక పాఠం

ఎన్.యూ.ఎస్.లోనే జరిగిన ఒక కథ ఈ విషయానికి బాగా పనికొస్తుంది. అందులో మన ఊరు కూడా ఉంది.

క్వాంటం సెంటర్‌లో అలెగ్జాండర్ లింగ్ బృందం ఫోటాన్ జంటలను పుట్టించే పరికరాన్ని చిన్న పెట్టెలో ఇమిడ్చి ఉపగ్రహంలో పెట్టాలనుకుంది. దాని పేరు స్పెక్స్. మొదటి ప్రయత్నం 2014 అక్టోబరు 28న. అమెరికాలో వర్జీనియా తీరం నుంచి లేచిన అంటారెస్ రాకెట్ కొన్ని సెకన్లకే పేలిపోయింది. శిథిలాల్లో స్పెక్స్ పెట్టె దొరికింది. వెనక్కి తెప్పించుకుని పరీక్షిస్తే ఇంకా పనిచేస్తోంది. మనమైతే ఆ విషయం పార్టీల్లో చెప్పుకుని మురిసిపోతాం. వాళ్ళు దాన్ని కూడా కొలిచి, రాకెట్ పేలుడును తట్టుకున్న ఫోటాన్ జంటల మూలం అని 2016లో ఒక వ్యాసం అచ్చేశారు. విఫలమైన ప్రయోగం నుంచి కూడా నిజాయితీగా చెప్పదగ్గ ఒక వాక్యం దొరికిందన్నమాట.

రెండో ప్రయత్నం 2015 డిసెంబరు 16న, అప్పటి నెల్లూరు జిల్లాలోని (2022 నుంచి తిరుపతి జిల్లా) శ్రీహరికోట నుంచి. పి.ఎస్.ఎల్.వి. సీ29 ఆ రోజు మోసుకెళ్ళిన ఆరు ఉపగ్రహాలూ సింగపూర్‌వే. పెద్దది టెలియోస్-1, బరువు 400 కిలోలు. చిన్నవాటిలో ఒకటి గలాసియా, మూడున్నర కిలోలు కూడా లేదు. దాన్ని తయారుచేసిన వాళ్ళలో ఎన్.యూ.ఎస్. విద్యార్థులున్నారు. స్పెక్స్ అందులో ఎక్కింది, కక్ష్యలో పనిచేసింది.

ఇక్కడే అసలు పాఠం ఉంది. గలాసియా ఫలితాలతో 2016లో వెలువడిన వ్యాసం పేరులో 'పరస్పర సంబంధం ఉన్న ఫోటాన్ జంటలు' అనే ఉంది. 'ఎంటాంగిల్డ్' అన్న మాట లేదు. ఆ మాట వాడి ఉంటే వార్త ఇంకా పెద్దది అయ్యేది. కానీ ఆ పెట్టె నిరూపించగలిగింది సంబంధం వరకే. చిక్కుముడి నిరూపించడానికి వేరే పెట్టె కావాలి. ఆ పెట్టె స్పూకీ-1 అనే ఇంకో బుల్లి ఉపగ్రహంలో ఎక్కి, 2019 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి కక్ష్యలోకి వచ్చింది. షూ పెట్టె కంటే చిన్నది. 2020లో ఆప్టికా పత్రికలో ఫలితం వచ్చింది: బెల్ అసమానత కొలమానం ఎస్ విలువ 2.60, అటూ ఇటూ 0.06. అప్పుడు గానీ ఎంటాంగిల్‌మెంట్ అన్న మాట వాడలేదు.

2016కీ 2020కీ మధ్య తేడా ఒక్క మాట. ఆ మాట వాడే హక్కు సంపాదించడానికి నాలుగేళ్ళు పట్టింది. డిగ్రీ థీసిస్‌లో నేర్పే విషయం ఇదే. చేతిలో ఉన్న సాక్ష్యం ఎంతో, నోట్లోంచి వచ్చే మాట అంతే ఉండాలి.

2.60 అంటే ఏమిటి, 0.06 అంటే ఏమిటి

కొంచెం లెక్కలోకి దిగుదాం. సాఫ్ట్‌వేర్ వాళ్ళం, అంకెలంటే భయం లేదు కదా.

ఒక స్ఫటికంలోకి లేజరు పంపితే అప్పుడప్పుడు ఒక ఫోటాన్ రెండుగా చీలుతుంది. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వెళ్తాయి. రెండు వైపులా ఒక్కో ధ్రువణ ఫిల్టరు, దాని వెనక డిటెక్టరు. ఎడమ ఫిల్టరుకు రెండు కోణాలు, కుడి ఫిల్టరుకు రెండు కోణాలు ఎంచుకుంటాం. మొత్తం నాలుగు జతలు. ఒక్కో జతలో ఫోటాన్ జంటల్లో ఎన్ని ఒకే జవాబు ఇచ్చాయి, ఎన్ని వేర్వేరు జవాబులు ఇచ్చాయి అని లెక్కిస్తాం. ఒకటయిన వాటిలోంచి వేరైనవాటిని తీసేసి, మొత్తంతో భాగిస్తే ఆ జత సహసంబంధం వస్తుంది. నాలుగింటిని తగిన గుర్తులతో కూడితే ఎస్. ఫోటాన్లు బయల్దేరేటప్పుడే జవాబులు జేబులో పెట్టుకుని వెళ్తున్నాయనుకుంటే ఎస్ 2 దాటకూడదు. క్వాంటం సిద్ధాంతం 2.83 దాకా అనుమతిస్తుంది.

ఇప్పుడు లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఒక్కో జతలో 40 ఫోటాన్ జంటలు దొరికాయి. 33 ఒకటయ్యాయి, 7 వేరయ్యాయి. సహసంబంధం 26ను 40తో భాగిస్తే 0.65. నాలుగు జతలూ అలాగే వస్తే ఎస్ 2.60. స్పూకీ ఉపగ్రహానికి వచ్చినదే! విద్యార్థి ఎగిరి గంతేస్తాడు. గైడు మాత్రం "అటూ ఇటూ ఎంత?" అని అడుగుతాడు.

లెక్కించిన సంఖ్యల్లో ఊగిసలాట ఉంటుంది. సహసంబంధపు అనిశ్చితికి సూత్రం తేలికే: ఒకటిలోంచి సహసంబంధపు వర్గాన్ని తీసేసి, మొత్తం జంటల సంఖ్యతో భాగించి, వర్గమూలం కట్టాలి. మన అంకెలకు 0.12 వస్తుంది. నాలుగు కలిస్తే దానికి రెట్టింపు, అంటే ఎస్‌కు అటూ ఇటూ 0.24. రెండు దాటిన 0.60ను 0.24తో భాగిస్తే రెండున్నర సిగ్మాలు. అసలు చిక్కుముడే లేని పరికరం కూడా సుమారు నూటికొకసారి అదృష్టం కొద్దీ ఈ మాత్రం చూపించగలదు. థీసిస్‌లో "సూచన కనిపించింది" అనొచ్చు, "నిరూపించాం" అనకూడదు.

అదే ఒక్కో జతకు 4000 జంటలు సేకరించి, 3300 ఒకటై 700 వేరయ్యాయనుకోండి. ఎస్ మళ్ళీ 2.60యే. అనిశ్చితి మాత్రం 0.024. రెండు దాటడం ఇప్పుడు 25 సిగ్మాలు. నంబరు మారలేదు, అనగలిగిన మాట మారింది. డేటా వంద రెట్లు పెరిగితే అనిశ్చితి పది రెట్లే తగ్గిందని కూడా గమనించండి. ఫిబ్రవరిలో "ఇంకొంచెం డేటా తీస్తే సరిపోతుంది" అనుకునే పిల్లలు ఈ వర్గమూలాన్ని మర్చిపోతుంటారు. అనిశ్చితిని సగం చేయాలంటే నాలుగు రెట్ల సమయం కావాలి. వారం పని నెల అవుతుంది.

మరి 25 సిగ్మాలు వచ్చాక నిశ్చింతగా నిద్రపోవచ్చా? లేదు. ఇంతవరకు చెప్పింది ఊగిసలాట వల్ల వచ్చే దోషం. ఎంత డేటా తీసినా తగ్గని దోషాలు వేరే ఉన్నాయి. వాటిని క్రమబద్ధ దోషాలంటారు. వీటిలో అందరికీ తెలిసినది ఓపెరా కథ. 2011 సెప్టెంబరులో, జెనీవా దగ్గర సెర్న్ నుంచి 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలో ఉన్న గ్రాన్ సాసోకు న్యూట్రినోలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని ప్రకటించారు. ఆరు సిగ్మాల నమ్మకం! 2012 ఫిబ్రవరిలో తేలింది ఏమిటంటే ఒక ఫైబర్ కేబుల్ కనెక్టరు సరిగా బిగించి లేదు. కేబుల్ ఊడినట్టుంటే ఎన్ని సిగ్మాలున్నా ఏం లాభం?

మన ఫోటాన్ బల్ల మీద అలాంటి వాటిలో మొదటిది యాక్సిడెంటల్స్. రెండు డిటెక్టర్లూ సెకనుకు లక్ష చొప్పున మోగుతున్నాయనుకోండి. 5 నానోసెకన్ల తేడాలో రెండూ మోగితే జంట అని రాసుకుంటున్నాం. సంబంధం లేని రెండు ఫోటాన్లు కూడా ఒక్కోసారి ఆ తేడాలో పడతాయి. లక్షను లక్షతో గుణించి 5 నానోసెకన్లతో గుణిస్తే సెకనుకు 50. మొత్తం జంటలు సెకనుకు 1000 అయితే అందులో 5 శాతం దొంగ జంటలు. అవి సహసంబంధాన్ని అంతమేర పలుచన చేస్తాయి. అసలు ఎస్ 2.60 అయితే బల్ల మీద కనిపించేది 2.47. తీసేసి 2.60 అని రాయాలా, తీయకుండా 2.47 అని రాయాలా? రెండూ రాయాలి, ఏది ఏదో చెప్పి. ఒకటి రాసి రెండోది దాచిన విద్యార్థిని టాక్‌లో మొదటి ప్రశ్నకే పట్టుకుంటారు.

రానప్పుడు

ఇప్పుడు ఫోన్ చేసిన అమ్మాయి సంగతికి వద్దాం. ఆమెకు ఎస్ 1.80 వచ్చింది. రెండు దాటలేదు. గైడు కసరడు. ఇంట్లోవాళ్ళు కంగారు పడతారు. 1.80కి అటూ ఇటూ 0.30 ఉంటే ఆ కొలత ఏమీ చెప్పనట్టే. అప్పుడు డేటా ఇంకా కావాలి. అటూ ఇటూ 0.02 ఉంటే మాత్రం అది గట్టి ఫలితం: ఈ మూలం, ఈ అమరికలో, బెల్ అసమానతను దాటదు. ఇక "ఎందుకు?" అన్నది థీసిస్ అవుతుంది.

ఆదర్శ పరికరానికి ఎస్ 2.83. మనకు వచ్చింది 1.80. నిష్పత్తి 64 శాతం. దీన్ని విజిబిలిటీ అంటారు, రెండు దాటాలంటే ఇది 71 శాతం దాటాలి. యాక్సిడెంటల్స్ 5 శాతం తీసేస్తే 67 అవుతుంది. ఇంకా చాలదు. అంటే దోషి యాక్సిడెంటల్స్ ఒక్కటే కాదు. ఇప్పుడు విజిబిలిటీని రెండు రకాల కోణాల్లో విడివిడిగా కొలవాలి. నిలువు–అడ్డం ఫిల్టర్లతో ఒకసారి, 45 డిగ్రీల ఐమూల ఫిల్టర్లతో ఒకసారి. మొదటిదానిలో 95 శాతం, రెండోదానిలో 39 శాతం వచ్చాయనుకుందాం. సగటు చూడండి, 67. లెక్క కుదిరింది. ఇప్పుడు కథ అర్థమవుతోంది. ఫిల్టర్లు బాగానే ఉన్నాయి, డిటెక్టర్లు బాగానే ఉన్నాయి. స్ఫటికంలో ఒక ధ్రువణపు ఫోటాన్ రెండోదానికంటే కొంచెం ఆలస్యంగా బయటికి వస్తోంది. ఆ ఆలస్యాన్ని బట్టి ఏది ఏదో చెప్పేయవచ్చు కాబట్టి చిక్కుముడి సడలిపోతోంది. ఆలస్యాన్ని సరిచేసే ఇంకో స్ఫటికం పెట్టాలి. ఆ స్ఫటికం తెప్పించడానికి ఆరు వారాలు, చేతిలో ఉన్నవి నాలుగు.

ఇది విఫలమైన థీసిస్సా? నా దృష్టిలో, మొదటి రోజే 2.60 వచ్చి ఎందుకొచ్చిందో తెలియని థీసిస్ కంటే ఇది మేలు. ప్రొడక్షన్‌లో బగ్ వెతికిన వాళ్ళకు ఈ పద్ధతి కొత్త కాదు. ఒక్కో అనుమానితుణ్ణి విడదీసే పరీక్ష పెట్టడం, ఎవరి వంతు ఎంతో లెక్కగట్టడం, లెక్కలన్నీ కలిపితే మొత్తం వస్తోందో లేదో చూడటం. తేడా ఒక్కటే. మనం బగ్ దొరకగానే సరిచేసి టికెట్ మూసేస్తాం. ఇక్కడ ఆ టికెట్టే థీసిస్.

సాఫ్ట్‌వేర్ బాబాయిలు, పిన్నులు సాయం చేయగలిగింది కూడా ఇక్కడే. పిల్లల పైథాన్ స్క్రిప్టు చూసి "ఇదేం కోడు, క్లాసులేవి, ఆర్కిటెక్చర్ ఏది" అనకండి. ఆరు నెలల తరవాత ఎవరూ నడపని కోడుకు ఆర్కిటెక్చర్ అక్కరలేదు. డిటెక్టరు నుంచి వచ్చిన అసలు డేటా ఫైళ్ళను ఎవరూ మార్చకుండా తాళం వేయించండి. స్క్రిప్టులు గిట్‌లో పెట్టించండి. ప్రతి బొమ్మా ఒక్క కమాండుతో అసలు డేటా నుంచి మళ్ళీ పుట్టాలి. ఇంకొకటి ముఖ్యం: ఎస్ విలువ ముందే తెలిసిన నకిలీ డేటాను కంప్యూటర్లో పుట్టించి, అదే స్క్రిప్టులోకి పంపి, పెట్టిన విలువే బయటికి వస్తోందో లేదో చూడమనండి. మనం యూనిట్ టెస్ట్ అనేదే ఇది. కూడికలో ఒక గుర్తు తప్పితే 2.60 రావాల్సిన చోట 1.30 వస్తుంది. దాన్ని ప్రకృతి మీదికి నెట్టకముందే పట్టుకోవచ్చు.

రాత

దీని గురించి ఎక్కువ చెప్పను. లేటెక్‌లో రాస్తారు, డిపార్టుమెంటు నమూనా ఇస్తుంది. రాసే వరస మాత్రం చదివే వరస కాకూడదు. ముందు బొమ్మలు, తరవాత వాటి కింద వివరణలు, ఆ తరవాత ప్రయోగ విధానం, ఫలితాలు. ఉపోద్ఘాతం, సారాంశం చివర్లో. ఉపోద్ఘాతంతో మొదలుపెట్టిన వాళ్ళు ఐన్‌స్టీన్ దగ్గర మొదలై డిసెంబరంతా 1935లోనే ఉండిపోతారు. చాట్‌జీపీటీ లాంటి వాటి విషయంలో యూనివర్సిటీ నియమం చూసుకుని, వాడితే వాడామని రాయాలి. అది రాసిన పేరాను టాక్‌లో సమర్థించాల్సింది మాత్రం తనే అని గుర్తుంటే చాలు.

చివరి టాక్

ఇరవై నిమిషాలు అనుకుందాం, ఆపైన ప్రశ్నలు. మన పిల్లలు ఎక్కువమంది ఇరవై నిమిషాల్లో పన్నెండు క్వాంటం చరిత్రకు ఖర్చు పెడతారు. ఎదురుగా కూర్చున్న పరీక్షకులకు ఆ చరిత్ర మనకంటే బాగా తెలుసు. వాళ్ళకు తెలియనిది ఆ బల్ల మీద ఆ ఏడాది ఏం జరిగిందన్నదే. కాబట్టి రెండో స్లైడు మీదే ప్రశ్న, జవాబు రెండూ ఉండాలి: "ఈ మూలం బెల్ అసమానతను దాటుతుందా? దాటదు. 1.80, అటూ ఇటూ 0.02. కారణం ధ్రువణాల మధ్య ఆలస్యం." ముందే చెప్పేస్తే సస్పెన్స్ పోతుందని కొందరి బాధ. ఇది సినిమా కాదు. జవాబు తెలిసిన వాళ్ళు మిగతా పదిహేడు నిమిషాలూ సాక్ష్యం వింటారు. తెలియని వాళ్ళు గడియారం చూస్తారు.

తెర మీద గ్రాఫు పడగానే అడ్డం గీత ఏమిటి, నిలువు గీత ఏమిటి, ఒక్కో చుక్క ఎంతసేపు కొలిచింది అని మూడు వాక్యాలు చెప్పాలి. ఆ తరవాతే "ఇక్కడ చూడండి" అనాలి. అనిశ్చితి గీతలు చుక్క కంటే చిన్నవైతే ఆ మాట నోటితో చెప్పాలి. లేకపోతే వేయడం మర్చిపోయారనుకుంటారు.

ప్రశ్నల్లో చాలావరకు ముందే ఊహించవచ్చు. యాక్సిడెంటల్స్ తీశారా? ఎలా లెక్కగట్టారు? ఫిల్టరు కోణం ఒక డిగ్రీ తప్పితే ఎస్ ఎంత మారుతుంది? డిటెక్టరు రోజంతా ఒకేలా పనిచేసిందని ఎలా తెలుసు? నాలుగు జతలూ ఒకే రోజు తీశారా? వీటిలో ఒక్కోదానికి ఒక్కో స్లైడు చేసి ధన్యవాదాల స్లైడు తరవాత దాచిపెట్టుకోవాలి. ప్రశ్న వచ్చినప్పుడు ఆ స్లైడు తీసి చూపిస్తే గదిలో గాలి మారుతుంది.

తెలియని ప్రశ్న రాక మానదు. అక్కడ మన పెంపకం అడ్డొస్తుంది. వైవాలో "తెలియదు" అంటే సున్నా అని ఇంటర్ నుంచి నేర్చుకుని వచ్చాం. అందుకని ఏదో ఒకటి గబగబా చెప్పేస్తారు. ఫిజిక్స్ టాక్‌లో "అది నేను కొలవలేదు. కొలవాలంటే తాపమానాన్ని రెండు డిగ్రీలు మార్చి ఐమూల విజిబిలిటీ చూస్తాను. మారుతుందనే నా అనుమానం" అనడం మంచి జవాబు. కొలిచినది, లెక్కగట్టినది, అనుమానించేది: ఈ మూడింటినీ మూడు వేరు వేరు క్రియాపదాలతో చెప్పడం అలవాటు చేయించండి. తెలుగులోనే చేయించవచ్చు. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మనో, తాతయ్యగారినో కూర్చోబెట్టి టాక్ అంతా ఒకసారి తెలుగులో చెప్పించండి. ఇంగ్లీషు మాటల చాటున దాక్కున్న తెలియనితనం తెలుగులోకి రాగానే బయటపడుతుంది. 'డీకోహెరెన్స్ వల్ల' అని తప్పించుకోవడం కుదరదు. "అంటే ఏమవుతుందమ్మా?" అని తాతయ్య అడిగి తీరతారు. పరీక్షకులు అడగబోయేది కూడా దాదాపు అదే.

టాక్ అయ్యాక చిన్నచిన్న దిద్దుబాట్లు చెప్తారు. అవి చేసి మళ్ళీ సమర్పించాలి. ల్యాబులో ఇంకో అరపూట పని మిగులుతుంది. అసలు డేటా, స్క్రిప్టులు గ్రూపు సర్వరులో పెట్టి, నోట్‌బుక్కు గైడుకు అప్పజెప్పి, వచ్చే ఆగస్టులో ఆ బల్ల దగ్గరికి వచ్చే కొత్త విద్యార్థి కోసం ఒక పేజీ రాసిపెట్టాలి. ఏ అద్దాన్ని కదపకూడదు, ఏ డిటెక్టరు వేడెక్కితే తప్పుగా మోగుతుంది, ఆరు వారాల్లో రావాల్సిన ఆ స్ఫటికం ఎవరి పేరు మీద ఆర్డరు చేశారు, వచ్చాక ఎక్కడ బిగించాలి.